గదుల లెక్క, గడపల లెక్క: విజయనగరంలో బడుల ప్రణాళిక

ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదు గదులుండి నలభై మంది పిల్లలే చదువుతుంటే అక్కడ గదులు ఎక్కువయ్యాయని ఒక నివేదిక చెబుతుంది. అదే పట్టణంలో కిలోమీటరున్నర అవతల మరో బడిలో ఒకే గదిలో రెండు తరగతులు, వరండాలో మూడో తరగతి నడుస్తుంటే అక్కడ అదనపు గది కావాలని ఇంకో నివేదిక చెబుతుంది. రెండూ నిజాలే. కానీ ఆ రెండు బడుల నడుమ వీధుల్లో బడి ఈడు పిల్లలు ఎందరున్నారో, వారు ఏ బడికి వెళుతున్నారో, దగ్గరి బడిని వదిలి దూరపు బడికి ఎందుకు వెళుతున్నారో ఆ రెండింటిలోనూ కనిపించదు. విజయనగరంలో బడుల సామర్థ్యం గురించి జరిగే చర్చలో ఎక్కువ భాగం ఈ ఖాళీలోనే సాగుతోంది. గదులను, హాజరుపట్టీలోని పేర్లను లెక్కిస్తున్నంత శ్రద్ధగా గడపలను ఎవరూ లెక్కించడం లేదు.

పట్టణంలో బడులు ఇప్పుడున్న చోటే ఎందుకున్నాయన్నది ముందు తెలుసుకోవలసిన విషయం. 1713లో కోట కట్టిన తరువాత ఊరు దాని చుట్టూనే పెరిగింది. 1857లో పూసపాటి రాజులు స్థాపించిన పాఠశాల 1879లో మహారాజా కళాశాల అయింది. పురపాలక సంఘం ఏర్పడింది 1888లో. ఆనాటి జనావాసం కోట, గంటస్తంభం, మూడు లాంతర్లు, కస్పా, కొత్తపేట, తోటపాలెం వంటి చోట్ల ఒత్తుగా ఉండేది కాబట్టి పాత బడులు కూడా అక్కడే వచ్చాయి. ఆ తరువాత నివాసాలు కంటోన్మెంటు, కణపాక, గాజులరేగ, ధర్మపురి, అయ్యన్నపేట వైపు జరుగుతూ వచ్చాయి. పాత బజారులో మేడ కింది అంతస్తు దుకాణంగానో గోదాముగానో మారినప్పుడల్లా ఒక కుటుంబం శివారుకు వెళుతుంది. పిల్లలు వెళతారు, బడి మాత్రం వెళ్లదు. నగరపాలక సంస్థగా మారి 50 డివిజన్లు ఏర్పడ్డాక కూడా బడుల పటం చాలావరకు పాత ఊరి పటంగానే మిగిలింది.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా ఏమీ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బాలకుడికీ, బాలికకూ ఇరుగుపొరుగు పాఠశాల అందుబాటులో ఉండాలని చెప్పింది. నమూనా నిబంధనలు దానిని 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరు నడక దూరంగా, 6 నుంచి 8 తరగతులకు మూడు కిలోమీటర్లుగా నిర్వచించాయి. అంతకన్నా ముఖ్యమైనది, సాధారణంగా ఎవరూ ప్రస్తావించనిది 9వ సెక్షన్. తన పరిధిలో నివసించే 14 ఏళ్లలోపు పిల్లలందరి వివరాలను స్థానిక సంస్థ నమోదు చేసి ఉంచాలని అది ఆదేశిస్తుంది. అంటే బడిలో చేరిన పిల్లల జాబితాతో పాటు, నివసిస్తున్న పిల్లల జాబితా కూడా ఉండాలని చట్టమే కోరింది. మొదటిది ఏటా సెప్టెంబరు 30 తేదీని ప్రామాణికంగా తీసుకొని, దేశంలోని బడుల వివరాలన్నీ నమోదయ్యే యూడైస్ ప్లస్‌లో చేరుతుంది. 2022–23 నుంచి ఒక్కొక్క విద్యార్థి పేరుతో సహా అది సిద్ధమవుతోంది. రెండోదానికి అంతటి ఓపిక దక్కలేదు.

అమెరికాలోని చాలా నగరాల్లో చిరునామాను బట్టి పిల్లవాడు ఏ ప్రభుత్వ బడికి వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది. హద్దు అవతలి బడిలో చేరాలంటే సాధారణంగా ప్రత్యేక అనుమతి కావాలి. మన దగ్గర అలాంటి కట్టడి లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ప్రైవేటు బడులు వీధికొకటి ఉన్న పట్టణంలో, టీసీ ఆలస్యమైనా చేరికను నిరాకరించకూడదని చట్టం చెప్పిన దేశంలో, తల్లిదండ్రులను గీత గీసి ఆపడం సాధ్యం కాదు. ఇక్కడ హద్దుకు అర్థం వేరు. అది పిల్లవాడిని కట్టివేసే గీత కాకుండా బడికి బాధ్యతను అప్పగించే గీత కావాలి. ఈ వీధి నుంచి ఆ కాలువ దాకా ఉన్న ప్రతి బిడ్డ పేరూ ఈ ప్రధానోపాధ్యాయుడికి తెలిసి ఉండాలి, ఆ బిడ్డ వస్తే కూర్చోబెట్టే చోటు ఈ బడిలో ఉండాలి అన్నదే దాని సారాంశం.

హద్దు లేకపోవడం వల్ల వచ్చే నష్టం స్ట్రెంత్, అంటే బడిలో చేరిన పిల్లల సంఖ్య, అనే మాటలో దాగి ఉంది. ఉపాధ్యాయ పోస్టులు, అదనపు గదులు, మరమ్మతుల ప్రాధాన్యం అన్నీ స్ట్రెంత్‌ను బట్టే నిర్ణయమవుతాయి. స్ట్రెంత్ తగ్గిన బడిలో రేషనలైజేషన్, అంటే పోస్టుల సర్దుబాటు, పేరిట ఒక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు పోతుంది. అప్పుడు మిగిలిన ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒకే గదిలోకి వస్తాయి. అది చూసిన తల్లి మరుసటి జూన్‌లో బిడ్డను వేరే బడికి పంపుతుంది, స్ట్రెంత్ ఇంకా తగ్గుతుంది, తరువాతి విడతలో మరో పోస్టు ప్రశ్నార్థకమవుతుంది. ఇక్కడ కొలిచినది ఆ ప్రాంతపు అవసరాన్ని అనుకుంటారు గానీ, నిజానికి కొలిచినది పాత నిర్ణయాల ఫలితాన్ని. జ్వరం తగ్గిందో లేదో చూడకుండా మందు సీసా ఎంత ఖాళీ అయిందో చూసి వైద్యం చేసినట్టు ఉంటుంది ఇది. 2016–17 నాటికి దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సుమారు 28 శాతం బడుల్లో 30 మందికన్నా తక్కువ పిల్లలే ఉన్నారని 2020 జాతీయ విద్యావిధానం పేర్కొంది. అందులో పిల్లలే లేని ఊళ్లెన్ని, పిల్లలుండీ బడికి రాని ఊళ్లెన్ని అన్న తేడా స్ట్రెంత్ అంకెలో కనిపించదు.

గదుల లెక్క కూడా పైకి కనిపించినంత తేలిక కాదు. విద్యాహక్కు చట్టం ప్రతి ఉపాధ్యాయుడికీ కనీసం ఒక తరగతి గది, అదనంగా కార్యాలయం, సామాను గది, ప్రధానోపాధ్యాయుడి గదిగా పనికివచ్చే మరో గది కావాలంది. ఆచరణలో ఆ అదనపు గది లేనిచోట బియ్యం బస్తాలు, కోడిగుడ్ల అట్టలు, పాఠ్యపుస్తకాల కట్టలు ఒక తరగతి గదిని ఆక్రమిస్తాయి. కాగితం మీద ఆరు గదులున్న బడిలో బోధనకు దొరికేవి నాలుగే కావచ్చు. వానాకాలంలో కారే గదిని వేసవిలో చూసి లెక్కలో చేర్చడం మరో పొరపాటు. ఉత్తరాంధ్రలో అక్టోబరు అంటే తుఫాను నెల; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. అలాంటప్పుడు బడులే పునరావాస కేంద్రాలవుతాయి. ప్రభుత్వ బడులను బాగుచేసేందుకు 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పథకం తొలి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, ఫర్నిచరు, మరమ్మతులు దక్కాయి. ఉన్న గదుల నాణ్యత పెరిగింది. ఏ గది ఏ వీధి పిల్లల కోసం అన్న ప్రశ్న మాత్రం ఆ పనుల అంచనాలకు బయటే ఉండిపోయింది. పాత పట్టణంలో మరో చిక్కు ఉంది. పెంకుల కప్పుతోనో, దూలాల మీద ఇటుకలు పేర్చే మద్రాసు టెర్రసుతోనో కట్టిన పాతకాలపు భవనం మీద ఇంకో అంతస్తు వేయలేరు, పక్కకు పెంచడానికి స్థలం ఉండదు. స్థలం ఉన్న చోటేమో శివారు.

మరి ఒక ప్రాంతానికి ఎన్ని గదులు కావాలి? దీనికి పెద్ద సాఫ్ట్‌వేరు అక్కరలేదు. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల వ్యవస్థలో పట్టణాల్లో సుమారు నాలుగు వేల జనాభాకు ఒక వార్డు సచివాలయం లెక్కన హద్దులు గీశారు. వాటిలో విద్యా వ్యవహారాలకు, గణాంకాలకు కలిపి ఒక కార్యదర్శి పోస్టు కూడా ఉంది. రాష్ట్రంలో జననాల రేటు వెయ్యికి 15 చుట్టూ ఉందనుకుంటే, నాలుగు వేల జనాభాలో ఏటా సుమారు 60 మంది పుడతారు. వారిలో సగం మంది ప్రభుత్వ బడికి వస్తారనుకుంటే తరగతికి 30 మంది, అంటే సరిగ్గా ఒక సెక్షన్. ఐదు తరగతులకు 150 మంది. చట్టంలోని షెడ్యూలు ప్రకారం 121 నుంచి 200 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఐదుగురు ఉపాధ్యాయులు, 150 దాటితే వారితో పాటు ప్రధానోపాధ్యాయుడు కూడా ఉండాలి. కాబట్టి ఒక వార్డు సచివాలయానికి ఐదు తరగతి గదులు, ఐదుగురు ఉపాధ్యాయులు ఉన్న ఒక బడి అన్నది కలగన్నట్టు చెప్పే మాట కాదు. చట్టం, జననాల రేటు, ఇప్పటికే గీసి ఉన్న హద్దు మూడూ కలిసే చోటు అది. మూడో వంతు మందే ప్రభుత్వ బడికి వచ్చే వార్డుల్లో తరగతికి 20 మందే తేలుతారు. అక్కడ రెండు సచివాలయాలకు కలిపి ఒక బడి పెట్టి, ఉపాధ్యాయులను చెదరగొట్టకుండా ఒకేచోట ఉంచడం మేలు. ఈ అంకెలు ఊహలే. కానీ ఏ ఊహ మీద గది మంజూరైందో బయటకు కనిపించే లెక్క ఇది. సచివాలయం రిజిస్టరుతో సరిచూసి ఏటా దిద్దుకోవచ్చు.

దూరం విషయానికొస్తే, పటం మీద వృత్తలేఖినితో కిలోమీటరు వృత్తం గీసి అందులోని ఇళ్లన్నీ ఆ బడివేనని చెప్పడం పరిపాటి. ఇలాంటి సూటి దూరాన్ని ఇంగ్లీషులో కాకి ఎగిరే దారి అంటారు; ఆ దారిన వేసిన లెక్క తెలుగులో కాకిలెక్కే అవుతుంది. విజయనగరాన్ని హౌరా–చెన్నై రైలుమార్గం చీలుస్తుంది; రాయపూర్ వైపు వెళ్లే మార్గం కూడా ఇక్కడే విడిపోతుంది. పట్టాలకు ఈవల ఉన్న ఇంటికి ఆవల ఉన్న బడి నాలుగు వందల మీటర్లే కావచ్చు, కానీ ఏడేళ్ల పాప నడవవలసినది ఎత్తు బ్రిడ్జి మీదుగానో, గేటు తెరిచేదాకా ఆగో, వంతెన కింది నీటి మడుగు దాటో. పెద్ద చెరువు, అయ్యకోనేరు వంటి జలాశయాలకు ఎదురు గట్టు మీది బడి కనిపిస్తూనే ఉంటుంది, చేరాలంటే గట్టు చుట్టి రావాలి. లారీలు తిరిగే రోడ్డును ఎనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా దాటగలదా అన్న ప్రశ్నకు మీటర్లలో జవాబు ఉండదు. హద్దు గీసేవారు మొదట రైలుపట్టాలు, ప్రధాన రహదారులు, చెరువులను గీసి, వాటి నడుమ మిగిలిన ముక్కలను బడులకు పంచాలి. ఒక బడి హద్దు ఎక్కడా రైలుపట్టాలు దాటకూడదన్న ఒక్క నియమం పెట్టుకున్నా సగం తగాదాలు తీరతాయి.

పిల్లల సంఖ్యను ముందే అంచనా వేయడంలో ఈ ప్రాంతానికే చెందిన ఒక మెలిక ఉంది. ఈ ఏడాది పుట్టినవారు ఐదారేళ్ల తరువాత ఒకటో తరగతికి వస్తారు కాబట్టి జనన నమోదు పుస్తకమే ముందస్తు సూచిక అని ప్రణాళికా పాఠాలు చెబుతాయి. అయితే జననం నమోదయ్యేది కాన్పు జరిగిన చోట. ఘోషాసుపత్రిలోనూ పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ గజపతినగరం, బొండపల్లి, ఎస్.కోట వైపు పల్లెల నుంచి వచ్చిన తల్లులు కూడా ప్రసవిస్తారు. అదీగాక తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకురావడం ఇంకా బలంగా ఉన్న ఆచారం. పట్టణపు కోడలి బిడ్డ పల్లెలో నమోదవుతాడు, పల్లెకు ఇచ్చిన ఆడపడుచు బిడ్డ పట్టణంలో నమోదవుతాడు. నమోదైన జననాలను యథాతథంగా తీసుకుంటే నగరపాలక సంస్థకు పిల్లలు ఎక్కువగా, చుట్టుపక్కల మండలాలకు తక్కువగా తేలుతారు. తల్లి శాశ్వత చిరునామాను బట్టి విడదీయాలి. అంతకన్నా నమ్మదగినది అంగన్‌వాడీ రిజిస్టరు. మూడేళ్ల బిడ్డ ఏ కేంద్రంలో నమోదై ఉన్నాడో అదే వీధిలో మూడేళ్ల తరువాత ఒకటో తరగతిలో చేరే అవకాశం ఎక్కువ. జనగణన ఆసరా ఇక్కడ లేదు. పట్టణానికి 2.28 లక్షల జనాభా అన్నది 2011 నాటి అంకె. 2021లో జరగవలసిన గణన వాయిదా పడి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీకి మారింది.

తరగతి నుంచి తరగతికి ఎంత మంది కొనసాగుతున్నారో నిష్పత్తిగా తీసి భవిష్యత్తును అంచనా వేయడం మరో పద్ధతి. రెండు చోట్ల ఇది దారి తప్పుతుంది. కొవిడ్ సంవత్సరాల్లో ప్రభుత్వ బడుల్లో చేరికలు ఒక్కసారిగా పెరిగి తరువాత తగ్గాయి. గ్రామీణ భారతంలో 6–14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల వాటా 2018లో 65.6 శాతం ఉండగా 2022లో 72.9 శాతానికి చేరి, 2024లో 66.8 శాతానికి దిగిందని గ్రామీణ విద్యా స్థితిని పరిశీలించే అసర్ సర్వే చెప్పింది. ఆ ఉబ్బును ఆధారం చేసుకొని మంజూరు చేసిన గదులు ఇప్పుడు ఖాళీగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. రెండోది ఆరో తరగతి. అక్కడ పట్టణపు ఉన్నత పాఠశాలలకు పల్లెల నుంచి కొత్త పిల్లలు వస్తారు. అదే సమయంలో నవోదయకు, కోరుకొండ సైనిక పాఠశాలకు కొందరు వెళ్లిపోతారు. ఐదో తరగతి సంఖ్య నుంచి ఆరో తరగతిని అంచనా వేసే సూత్రం ఈ ఒక్క మెట్టు దగ్గర విరిగిపోతుంది. దానిని విడిగా లెక్కించాలి.

కొత్త కాలనీల సంగతి అన్నిటికన్నా బరువైనది. విజయనగరం పక్కన గుంకలాంలో 2020 డిసెంబరులో పట్టాలు పంచిన లేఅవుట్ సుమారు 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లది. రాష్ట్రంలోని పెద్ద లేఅవుట్లలో ఒకటి. దానిలో 60 శాతం ఇళ్లలో కుటుంబాలు చేరాయని అనుకుందాం. ఇంటికి ముగ్గురున్నర చొప్పున దాదాపు 25,800 మంది, ఏడాదికి సుమారు 390 మంది పిల్లలు, ఐదు తరగతులకు 1,900 పైచిలుకు. అందులో సగం ప్రభుత్వ బడులకు వస్తే 30 మందికొకటి చొప్పున 32 గదులు కావాలి. 30 శాతం ఇళ్లే నిండితే 16 చాలు. ఈ రెండు అంకెల మధ్య దూరం ఒక బడి సముదాయమంత. కాబట్టి ఇళ్లు ఎంత వేగంగా నిండుతున్నాయో, విద్యుత్తు కనెక్షన్లు ఎన్ని పెరుగుతున్నాయో చూసి విడతలుగా కట్టడం తప్ప మార్గం లేదు. స్థలం మాత్రం మొదటిరోజే పూర్తిగా కేటాయించి ఉంచాలి. మరో విషయం. ఇలాంటి కాలనీల్లో చేరేవి ఎక్కువగా చిన్న వయసు కుటుంబాలు. మొదటి ఏడెనిమిదేళ్లు ఒకటి నుంచి ఐదు తరగతులు కిటకిటలాడతాయి. పదిహేనేళ్లకు ఆ పిల్లలే ఉన్నత పాఠశాలకు, కళాశాలకు వెళ్లి ప్రాథమిక గదులు వెలవెలబోతాయి. చిన్నపిల్లల బెంచీలకు తగ్గ గదులే కడితే తరువాత అవి ఎందుకూ కొరగావు. మొదట ప్రాథమిక తరగతులకు, తరువాత ఉన్నత తరగతులకు మార్చుకోగలిగే కొలతతో కడితే ఆ ఖర్చు రెండు తరాలకు పనికివస్తుంది. సారిపల్లి, సోనియానగర్‌లలో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో చేపట్టిన అపార్టుమెంట్లకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడ పిల్లలు మరింత ఇరుకు స్థలంలో ఒకేచోట ఉంటారు.

హద్దులతో పనిలేకుండా తరగతులను కదిపితే ఏమవుతుందో గత కొన్నేళ్ల అనుభవం చూపించింది. ఉన్నత పాఠశాలలకు మొదట 250 మీటర్ల లోపు, తరువాత కిలోమీటరు లోపు ఉన్న ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను వాటిలో కలపడం మొదలైంది. 2022లో వచ్చిన 117వ జీవో పోస్టుల సర్దుబాటును దానికి జోడించింది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు ఉపాధ్యాయుడు దొరకడం మంచి ఉద్దేశమే. కానీ మరమ్మతులు చేసిన ప్రాథమిక బడి గదులు ఖాళీ అయి, ఉన్నత పాఠశాలలో గదుల కరువు వచ్చింది. ఒక ఇంటి అక్కాతమ్ముళ్లు రెండు బడులకు, రెండు దిక్కులకు వెళ్లవలసి వచ్చింది. 2025లో ఆ జీవోను రద్దు చేసి, తరగతికి ఒక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ముందుకు తెచ్చారు. మూడేళ్లలో రెండుసార్లు పిల్లలను, బల్లలను, ఉపాధ్యాయులను అటూ ఇటూ కదిపిన తరువాత ఏ తల్లిదండ్రులు ఏ బడిని స్థిరమైనదని నమ్ముతారు? తరగతికొక ఉపాధ్యాయుడన్న నిర్ణయం సరైనదే. ఆ ఆదర్శ పాఠశాల ఎక్కడుండాలన్నది మాత్రం మళ్లీ స్ట్రెంత్‌ను బట్టే తేలితే, ఈరోజు ఎక్కువ మంది ఉన్న బడికే అది దక్కుతుంది. పిల్లలు ఎక్కువగా ఉన్న వీధికి దక్కుతుందన్న హామీ లేదు.

గీసిన హద్దును ఏటా చెరపకూడదు. కొత్త కాలనీ నిండినప్పుడు, కొత్త గదులు వచ్చినప్పుడు మాత్రమే సవరించి, ఆ సవరణ కూడా ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, పాత పిల్లలను ఐదో తరగతి అయ్యేదాకా ఉన్నచోటే కొనసాగనివ్వడం, తోబుట్టువులను విడదీయకపోవడం న్యాయం. సమయం కూడా ముఖ్యమే. సెప్టెంబరు 30 లెక్కతో గది మంజూరైతే, టెండరు, పునాది, స్లాబు దాటి అది జూన్‌లో బడి తెరిచేనాటికి అందదు. వార్డుల వారీ పిల్లల జాబితా జనవరిలో సిద్ధమైతే, కనీసం ఏ బడిలో ఏ సెక్షన్ చేర్చాలో, ఏ గదిలోని బియ్యం బస్తాలను ఎక్కడికి మార్చాలో వేసవిలో తేల్చుకోవచ్చు.

చిక్కుముడి చివరికి పడేది పాలనా సరిహద్దుల దగ్గర. 2022లో మున్సిపల్ పాఠశాలల పర్యవేక్షణ పాఠశాల విద్యా శాఖకు అప్పగించినా, భవనాల విషయంలో నగరపాలక సంస్థ పాత్ర పోలేదు. పట్టణం దాటితే మండల పరిషత్తు బడులు, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలు. పట్టణ పేదలకు ఇచ్చిన స్థలం పంచాయతీ పరిధిలో ఉంటే, కుటుంబం కాపురం మార్చిన రోజున బిడ్డ పేరు పట్టణపు బడిలోనే ఉంటుంది, బిడ్డ మాత్రం అవతల ఉంటుంది. ఆటోకు నెలవారీ చార్జీ చెల్లించగలిగినంత కాలం పాత బడికే పంపుతారు. చెల్లించలేని నెలలో హాజరు పడిపోతుంది, ఆ తరువాత పేరు ఎగిరిపోతుంది. అలాంటి బిడ్డను పాత బడి తన సంఖ్యలో ఉంచుకుంటుంది, కొత్త ప్రాంతపు బడి తన సంఖ్యలో చేర్చుకోదు. ఇద్దరు విద్యాధికారుల నివేదికల్లోనూ ఆ బిడ్డకు గది అక్కరలేదు. పాఠశాల విద్యకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద దూరపు పిల్లలకు ఇచ్చే రవాణా భత్యాన్ని ఇలాంటి కుటుంబాలకు, కొత్త బడి గదులు పూర్తయ్యే దాకా, అడగకుండానే వర్తింపజేయాలి. పట్టా ఇచ్చిన రోజే ఆ కుటుంబంలోని పిల్లల పేర్లు, వయసులు కొత్త ప్రాంతపు ప్రధానోపాధ్యాయుడికి చేరితే ఈ పని పెద్ద కష్టమేమీ కాదు. పట్టాదారుల జాబితా ఇప్పటికే రెవెన్యూ కార్యాలయంలో ఉంది, పిల్లల జాబితా యూడైస్‌లో ఉంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన బల్ల ఒక్కటే ఇంకా ఎవరి కార్యాలయంలోనూ వేయలేదు.